మూడు మార్కుల మీద నీలం సిరా

సంక్రాంతికి నెల్లూరు వెళ్లినప్పుడు మూలాపేట ఇల్లు ఖాళీ చేసే పని పెట్టుకున్నాం. ఇల్లు బిల్డరుకు ఇచ్చేశాం కాబట్టి అటక మీది సామానంతా కిందికి దిగాలి. ఇత్తడి బిందెలు ఎవరికి, అమ్మ ఊరగాయ జాడీలు ఎవరికి అన్న పంచాయితీ కింద నడుస్తుంటే, మా మేనల్లుడు ఒక రూళ్ల నోటుపుస్తకం పట్టుకుని నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. అట్ట మీద నా చేతిరాత: ‘ఇంగ్లీషు పాటలు – మార్కులు.’

1991 నుంచి 1996 దాకా నేను విన్న ప్రతి ఇంగ్లీషు క్యాసెట్‌కూ అందులో పదికి మార్కులు వేశాను. నాన్న లెక్కల మాస్టారు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు దేన్నయినా మార్కులు వేయకుండా వదిలిపెట్టడం చేతకాదు. అమ్మ చేపల పులుసుకు కూడా వేసేదాన్ని, కాకపోతే పుస్తకంలో కాదు.

“అత్తా, మైఖేల్ జాక్సన్ ‘డేంజరస్’కు ఎనిమిది, నిర్వాణా ‘నెవర్‌మైండ్’కు మూడా!” అని వాడు నిచ్చెన మీద నుంచి అరిచిన అరుపుకు జాడీల పంచాయితీ కూడా ఆగింది. వాడు పుట్టింది 1999లో. ఆ దశకంలో వచ్చిన ఆల్బమ్‌లలో ఏది ఎన్నో స్థానంలో ఉందో, ఏ జాబితాలో ఎక్కిందో, ఎక్కడ దిగిందో వాడికి నోటికి వచ్చు. నేను విన్న కాలం గురించి నాకంటే వాడికే ఎక్కువ తెలుసు. ఆ ధీమాతోనే తీర్పు చెప్పాడు: “ఇది అభిప్రాయం కాదత్తా, పొరపాటు. దిద్దుకో.”

అంతలో వాడికి ఇంకొకటి కనిపించింది. ఆ మూడును ఎవరో అప్పటికే దిద్దారు. పుస్తకమంతా నల్ల సిరా. ఆ ఒక్క అంకె మీద మాత్రం నీలం సిరాతో అడ్డగీత, పక్కన ఎనిమిది. దిద్దింది నేనే. ఎప్పుడు దిద్దానో కూడా గుర్తుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం వాడి తీర్పు కాదు, ఆ నీలం సిరా.

రెండు దగ్గరే ఆగిన నాబు

ముందు ఆ మూడు ఎలా వచ్చిందో చెప్పాలి.

మా ఇంట్లో ఉన్నది ఒకటే స్పీకరున్న టూ ఇన్ వన్, అంటే రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసి ఉన్న పెట్టె. స్టీరియో రికార్డింగులో ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి పంచిపెట్టిన వాద్యాలన్నీ అందులో ఒకే ముద్దగా బయటికి వచ్చేవి. పగలు రేడియో అమ్మది, సాయంత్రం వార్తలు నాన్నవి. నాన్న తొమ్మిదిన్నరకు పడుకున్నాక అది నాది. నాన్న మంచానికీ నాకూ మధ్య ఉన్నది ఒక చెక్క తలుపు. వాల్యూమ్ నాబు మీద పది దాకా అంకెలుండేవి. నా యవ్వనమంతా రెండు దగ్గర గడిచింది.

తక్కువ శబ్దంలో వింటే పాట చిన్నది అవుతుందంతే, మారదు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1933లోనే బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి అన్ని స్థాయిలనూ ఒకే లెక్కన తగ్గించి వినదు. లోతైన శబ్దాలు ముందుగా మాయమవుతాయి. మనిషి గొంతు ఉండే మధ్యస్థాయి చివరిదాకా నిలబడుతుంది. పాత ఆంప్లిఫయర్ల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక బటను ఉండేది, గుర్తుందా? తగ్గించి వినేవాళ్లకు పోయిన బేస్‌ను కాస్త తిరిగి ఇవ్వడానికే అది. మా టూ ఇన్ వన్‌కు ఆ బటను లేదు.

కాబట్టి రెండు దగ్గర వినే ఆడపిల్లకు గొంతు ముందుకు వచ్చే ఆల్బమ్‌లన్నీ గొప్పవి. డ్రమ్స్, బేస్ మోసే ఆల్బమ్‌లు పేలవం. నా పుస్తకం తిరగేస్తే ఇది లెక్క కట్టినట్టు కనిపిస్తుంది. ట్రేసీ చాప్‌మన్ 1988 నాటి మొదటి ఆల్బమ్‌కు తొమ్మిది. బ్రయాన్ ఆడమ్స్ ‘వేకింగ్ అప్ ద నేబర్స్’కు ఎనిమిది. (పేరు చూడండి, ఇరుగుపొరుగును నిద్ర లేపడమట. నేను మాత్రం దాన్ని నాన్న లేవకుండా విన్నాను.) గొంతును తెచ్చి చెవి పక్కన కూర్చోబెట్టడంలో ఆ ఆల్బమ్ నిర్మాత మట్ లాంజ్‌ను మించినవాళ్లు తక్కువ. అది మన చిన్న ఊళ్ల చిన్న స్పీకర్లలో అంత బాగా మోగడం వెనక ఈ సంగతి కూడా ఉందని నా అనుమానం. ప్రపంచ జాబితాల్లో దానికి చోటు లేదు. మా వీధిలో ఉండేది.

ఇక ‘నెవర్‌మైండ్’. ఆ పాటల కట్టుబడి మీకు తెలుసు. చరణం గొణుగుడు, పల్లవి పిడుగు. రెండు దగ్గర పెడితే ఆ గొణుగుడు సీలింగు ఫ్యాను కింద మునిగిపోతుంది. వినపడడం లేదని కాస్త పెంచుతానా, పల్లవి వచ్చి ఇల్లంతా ఎగిరి పడుతుంది. గబుక్కున తగ్గించాలి. మళ్లీ చరణం, మళ్లీ ఫ్యాను. నలభై రెండు నిమిషాల పాటూ నా చేయి నాబు మీదే ఉంది, చెవి నాన్న గది మీద ఉంది. పాట మీద ఉన్నది ఏమిటో నాకే తెలియదు. అందుకు మూడు. నిజానికి ఎక్కువే వేశాను.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. మెటాలికా 1988లో తెచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో బేస్ గిటారు దాదాపు వినపడదు. అంతకు రెండేళ్ల ముందు స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో చనిపోయిన క్లిఫ్ బర్టన్ స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. ఆయన వాయించిందంతా మిక్సింగులో కిందికి తొక్కేశారు. ఆ ఆల్బమ్ మీద శ్రోతల వాదనలు ఇప్పటికీ అక్కడే మొదలై అక్కడే ఆగుతాయి. మద్రాసులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్నయ్య, వాడి హాస్టలు మిత్రులు దాన్ని విని, క్యాసెట్ సరిగా ఎక్కలేదని కొట్టువాడితో గొడవపడి మళ్లీ రికార్డు చేయించారట. రెండోసారీ అంతే. నేను మాత్రం ఆరు మార్కులు వేసి ఊరుకున్నాను. ఏదో తగ్గిందని నాకు అనిపించనే లేదు. నా గదిలో ఏ బృందానికీ బేస్ గిటారు ఉండేది కాదు కదా.

ట్రంకు రోడ్డు సంపాదకుడు

శనివారం రైలుకు అన్నయ్య హాస్టలులో ఎవరివో ఒరిజినల్ క్యాసెట్లు అరువు తెచ్చేవాడు. కొన్ని మద్రాసు బర్మా బజారు సరుకు. ఆదివారం రాత్రి తిరిగి పట్టుకుపోవాలి. ఈ మధ్యలో ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక రికార్డింగు కొట్టులో కాపీ అయిపోవాలి. ఆ కొట్టు మెట్లు నేను ఎప్పుడూ ఎక్కలేదు. ఆడపిల్లలు ఎక్కేవారు కారు. నాకు కావలసినవి చీటీ మీద రాసి అన్నయ్య చేతికి ఇచ్చేదాన్ని. కొట్టాయన చీటీలో ఉన్నది సగం, తనకు తోచినది సగం ఎక్కించి పంపేవాడు.

1991 సెప్టెంబరులో గన్స్ ఎన్ రోజెస్ ‘యూజ్ యువర్ ఇల్యూజన్’ రెండు భాగాలూ ఒకే రోజు విడుదలయ్యాయి. రెండూ కలిపితే నూట యాభై నిమిషాలు. అన్నయ్య దగ్గర ఒకటే సీ-90 క్యాసెట్ ఉంది. అంటే తొంభై నిమిషాలు. “బాగున్నవి నేను ఏరి ఎక్కిస్తాలే తమ్ముడూ” అన్నాడట కొట్టాయన. ఇంగ్లీషు రాదు ఆయనకు. ప్రతి పాటా ఒక అర నిమిషం విని, తలూపితే ఎక్కించాడు, లేకపోతే లేదు.

ఆ రెండు ఆల్బమ్‌ల మీద ముప్పై ఏళ్లుగా శ్రోతలు చెప్పుకునే మాట ఒకటుంది: రెండింటినీ వడపోసి ఒకటి చేసి ఉంటే అద్భుతంగా ఉండేది అని. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నదాని మీద ఎవరి జాబితా వారిది. ఆ పనిని నెల్లూరులో ఒకాయన అదే ఏడాది చేసేశాడు. నేను మార్కులు వేసింది ఆయన సంపాదకత్వానికి. తొమ్మిది. ఈ సంగతి చెబితే మేనల్లుడు మొదటిసారి మెచ్చుకోలుగా చూశాడు, నన్ను కాదు, ఆ కొట్టాయనను.

అయితే ఆయన ఒక పని చేశాడు. ‘నవంబర్ రెయిన్’ను క్యాసెట్ మొదటి వైపు చివర పెట్టాడు. దాదాపు తొమ్మిది నిమిషాల పాట. టేపు ఏడో నిమిషం దగ్గర అయిపోయింది. తెలిసినవాళ్లకు తెలుసు, అక్కడే ఆ పాట నడక మార్చుకుని చీకట్లోకి దిగుతుంది. నాకు ఆ చీకటి లేదు. మూడేళ్ల పాటు నాకు అది ఒక మెత్తని పాట, టక్కుమని ఆగిపోయేది. ఆ ఆగిపోవడం కూడా పాటలో భాగమే అనుకున్నాను, ఎంత బాగా ఆపాడో అని కూడా అనుకున్నాను. కేబుల్‌లో చానల్ వీ వచ్చాక మిగతా రెండు నిమిషాలు విన్నప్పుడు, మన ఇంట్లో పెళ్లి భోజనాలు అయిపోయాక ఎవరో వచ్చి మళ్లీ విస్తళ్లు వేసినట్టు అనిపించింది. ఇప్పటికీ ఆ చివరి భాగం నాకు ఎక్కువే. మేనల్లుడు అదే శిఖరం అంటాడు. ఈ విషయంలో వాడు నన్ను మార్చలేడు. ఇది నా రుచా, టేపు చేసిన అలవాటా అంటే, రెంటినీ విడదీసే కత్తి నా దగ్గర లేదు.

యూ2 ‘జాషువా ట్రీ’ సంగతి ఇంకా విచిత్రం. అది నాకు సగమే దొరికింది. క్యాసెట్ ఒక వైపు ఆ ఆల్బమ్ మొదటి భాగం, రెండో వైపు బాలు, చిత్ర పాడిన సినిమా పాటలు. మన ఊళ్లో క్యాసెట్ అంటే అంతే కదా, ఈ వైపు ఒక సినిమా, ఆ వైపు ఒక సినిమా. పాటల వరుసకు అర్థం ఉంటుందని, అది మొత్తం ఒక కట్టడమని మాకెవరికీ తెలియదు. బాలు సొంత జిల్లాలో ఆయన పాట పక్కన ఎవరి పాట ఉన్నా దానికి గౌరవమే అన్న లెక్క ఒకటి. ఆ సగానికి పది మార్కులు వేశాను. పుస్తకం మొత్తంలో పది అదొక్కటే.

రెండో సగం విన్నది ఎన్నో ఏళ్ల తర్వాత, హైదరాబాదులో సీడీ కొన్నప్పుడు. బాగుంది, కానీ మొదటి సగమంత కాదు. సగం విని పది వేశానే అని నాకు సిగ్గు వేసింది. ఆ తర్వాత ఎక్కడో చదివాను. ఆ ఆల్బమ్‌లో పాటల వరుస పెట్టింది గాయని కర్స్టీ మెకాల్ అట. మిక్సింగు పనిలో ఉన్న స్టీవ్ లిలీవైట్ భార్య ఆమె. మొదటి పాట, చివరి పాట ఏవో బృందం చెప్పింది. మధ్యలో ఉన్నవాటిని ఆమె తనకు ఎక్కువ నచ్చినవి ముందు, తక్కువ నచ్చినవి వెనక పెట్టుకుంటూ పోయిందట. అంటే 1987లో లక్షల మంది కొన్న ఆ క్యాసెట్ ఒక శ్రోత వేసుకున్న మార్కుల పట్టికే. ఆమె మార్కులు, నా మార్కులు కలిశాయి. మూలాపేటలో సగం క్యాసెట్ విన్న పిల్లకు ఇంతకంటే ఏం కావాలి?

అమ్మమ్మ చూడని రీలు

ఇక్కడ మేనల్లుడు గట్టి ప్రశ్నే వేశాడు. “సగం రీళ్లు పోయిన సినిమా చూసి, ఆ సినిమా మీద నాకు అభిప్రాయం ఉంది అంటే ఒప్పుకుంటావా?”

ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉంది, అదీ నాకు అనుకూలంగా లేదు. మా అమ్మమ్మది కందుకూరు దగ్గర పల్లె. టూరింగు టాకీసులో ఒకే ప్రింటు రెండు ఊళ్లకు తిరిగేది. ఇక్కడ చూపించిన రీలును సైకిలు మీద అక్కడికి పట్టుకుపోయేవారు, అక్కడి రీలు ఇక్కడికి రావాలి. ఒక వానాకాలం రాత్రి ఒక రీలు రానే లేదు. ఆపరేటరు ఉన్నదాంతో కానిచ్చేశాడు. ఆ సినిమాలో నాయిక బుద్ధి లేనిదని అమ్మమ్మ బతికినంత కాలం అంది. ఆమె అలా ఎందుకు చేసిందో చెప్పే సన్నివేశం రాని రీలులో ఉంది. మేము టీవీలో ఆ సినిమా చూపించి, ఇదిగో ఇందుకు అని చెప్పినా, “నేను చూసినప్పుడు ఇది లేదు” అని మొహం తిప్పుకుంది.

అమ్మమ్మ మాట తప్పే. ఆ సినిమా గురించి తప్పు. తాను చూసిన సినిమా గురించి మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పు. ఆ రాత్రి ఆ డేరాలో ఉన్న వందల మందిని అడిగితే వాళ్లూ అదే చెప్పేవాళ్లు. నేను వాదించేది ఇంతే. ‘ఈ ఆల్బమ్ ఇలాంటిది’ అని నా మూడు చెప్పడం లేదు. అది చెప్పేది 1993లో నెల్లూరులో ఆ ఆల్బమ్ ఒకరికి ఎలా చేరిందన్న సంగతి. మొదటిదానికి విలువ లేదంటే ఒప్పుకుంటాను. రెండోదాన్ని దిద్దడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు, నాకు కూడా.

మరి జాబితాలు దిద్దుకోవడం లేదా అంటారు. దిద్దుకుంటాయి, చెప్పకుండా. ‘నెవర్‌మైండ్’ వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్షలో ఐదుకు మూడు చుక్కలు ఇచ్చింది. అదే పత్రిక 2003లో సర్వకాలపు 500 ఆల్బమ్‌ల జాబితా వేస్తే అది 17వ స్థానంలో ఉంది, 2020లో కొత్తగా ఓట్లు వేయిస్తే 6కు ఎక్కింది. 2003లో మొదటి స్థానంలో ఉన్న బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ 2020లో 24కు దిగింది. జోనీ మిచెల్ ‘బ్లూ’ 30 నుంచి 3కు వచ్చింది. లారిన్ హిల్ 1998 ఆల్బమ్ మూడు వందల అవతల నుంచి 10కి వచ్చింది. ఆ ఆల్బమ్‌లలో ఒక్క స్వరం కూడా మారలేదు. మారింది ఓటు వేసినవాళ్లు. ఆ గదిలోకి ఆడవాళ్లు, నల్లజాతివాళ్లు, చిన్నవాళ్లు ఇంకాస్త మంది వచ్చారు, అంకెలు కదిలాయి. దీన్ని నేను తప్పుపట్టడం లేదు, సంతోషించాను కూడా. కానీ మేనల్లుడు నా ముందు పెట్టే ఆ అంకెల వెనక కూడా ఎవరో ఒకరి గది, ఎవరో ఒకరి నాబు ఉన్నాయి. అవి జాబితాలో అచ్చు కావు, అంతే తేడా.

ఇంకొక తరహా దిద్దుబాటు మరీ ఘోరం. 1997 ఆగస్టులో ఒయేసిస్ ‘బీ హియర్ నౌ’ వచ్చినప్పుడు బ్రిటన్ పత్రికలు ఆకాశానికి ఎత్తాయి, జనం వేలంవెర్రిగా కొన్నారు. కొన్ని నెలలు గడిచేసరికి అది ఒక తరం చేసిన పొరపాటుకు గుర్తుగా మిగిలింది. పాటలు రాసిన నోయెల్ గాలగర్ కూడా తర్వాత దాన్ని ఎగతాళి చేశాడు. ఇప్పుడు ఎవరిని అడిగినా, నాకు అప్పుడే తెలుసు అంటారు. అప్పుడే తెలిసినవాళ్లు అంతమంది ఉంటే అన్ని లక్షల కాపీలు కొన్నది ఎవరు? ఆ ఆగస్టులో దాన్ని విని నిజంగా పొంగిపోయిన ఒక్కడి డైరీ దొరికితే బాగుండునని నాకు ఉంటుంది. నీలం సిరా పడనిది.

మార్కులు వేయనివాళ్లు

పుస్తకంలో నా అభిప్రాయాలే కాదు, పక్కన పెన్సిలుతో రాసుకున్న ఇంట్లోవాళ్ల మాటలూ ఉన్నాయి. వాటిలో ఒకటి నా మార్కులన్నిటికంటే మెరుగు. డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఆడుతుంటే దోసెల పిండి రుబ్బుతున్న అమ్మ అడిగిందట: “ఈయన పాడుతున్నాడా, పక్కింటాయనతో మాట్లాడుతున్నాడా?” ఒక నిమిషం ఆగి, “చేతిలోది మాత్రం పాడుతోంది” అంది. ఆ బృందంలో పాడుతూ గిటారు వాయించే మార్క్ నాఫ్లర్ గురించి ఇంతకంటే సరిగ్గా ఎవరైనా చెప్పారా? పూర్తిగా డిజిటల్‌గా రికార్డయిన తొలి తరం ఆల్బమ్‌లలో అది ఒకటి, సీడీ రూపంలోనే పది లక్షలు దాటి అమ్ముడైన మొదటిది అని నాకు తర్వాత తెలిసింది. అమ్మ విన్నది మూడో చేతి కాపీ. బుస్సుమనే హోరు వెనక నుంచి కూడా ఆ గిటారు ఆమెకు చేరింది.

అందుకే పరిస్థితులు అభిప్రాయాన్ని పూర్తిగా నిర్ణయిస్తాయని కూడా నేను అనను. అలా అంటే అమ్మ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. కరెంటు పోయినప్పుడు బ్యాటరీల మీద వినేవాళ్లం. బ్యాటరీలు నీరసపడితే మోటారు నెమ్మదించి గాయకుడికి జలుబు చేసేది. వాటిని మర్నాడు మిద్దె మీద ఎండబెట్టి మళ్లీ వాడేవాళ్లం. ఇన్ని జరిగినా కొన్ని పాటలు చచ్చేవి కావు. ఎందుకు చావలేదు అన్నదే అసలు విమర్శకు పనికొచ్చే ప్రశ్న అని ఇప్పుడు అనిపిస్తోంది, కానీ ఆ పుస్తకం రాసిన పిల్లకు ఆ ప్రశ్న తట్టలేదు.

అన్ని మార్కులూ ఇంత గౌరవంగా పడలేదని కూడా ఒప్పుకోవాలి. రాక్సెట్ ‘జాయ్‌రైడ్’కు తొమ్మిది ఉంది. అన్నయ్య మిత్రుడు ఒకరు, ఒంగోలు అబ్బాయి, తెచ్చిచ్చిన క్యాసెట్ అది. లోపలి కార్డు మీద పాటల పేర్లన్నీ గుండ్రటి అక్షరాలతో తనే రాశాడు. పరిస్థితులు కూడా రాసి పెట్టాలన్నది నా సిద్ధాంతమైతే ఈ తొమ్మిది పక్కన ఏం రాయాలో నాకు తెలుసు. మా వారు ఈ బ్లాగు చదువుతారు కాబట్టి ముందుకు వెళదాం.

నీలం సిరా

2001లో హైదరాబాదులో ఉద్యోగం. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురైదుగురు పాటల మీద వాదించుకునేవారు, అందరూ మగవాళ్లే. ఎవరు ఏ గొప్ప ఆల్బమ్‌ను ముందుగా గుర్తుపట్టారు అన్నదాని మీదే పందెం. ఒక రోజు నేనూ నోరు తెరిచి ‘నెవర్‌మైండ్’ నాకు నచ్చలేదన్నాను. ఎవరూ వాదించలేదు. ఒకతను నవ్వి, “మీరు మెలోడీ టైపు” అని పెరుగన్నంలోకి తిరిగాడు.

ఆ వారాంతం నెల్లూరు వచ్చినప్పుడు పుస్తకం తీసి, మూడు కొట్టేసి ఎనిమిది వేశాను. వేసే ముందు ఆ ఆల్బమ్‌ను మళ్లీ వినలేదు. ఒక్క పాట కూడా. ఎవరు చూస్తారని దిద్దానో ఇప్పటికీ తెలియదు, ఆ పుస్తకం అటక మీద తప్ప ఎక్కడా లేదు. లోకం వేసిన మార్కుకు దగ్గరగా ఉన్నది ఆ ఎనిమిది. అందులో నేను లేను. మూడులో ఉన్నాను, చెక్క తలుపుతో సహా.

ఇంత చెప్పాక, మేనల్లుడు ఊరుకోలేదు. తన పెద్ద హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించి, ‘నెవర్‌మైండ్’ మొదటి నుంచి చివరి దాకా పెట్టాడు. పెంచుకో అన్నాడు. పెంచాను. యాభై దాటిన వయసులో, ఖాళీ అయిన ఇంట్లో, నాన్న లేని గది వైపు ఒకసారి చూసి మరీ పెంచాను.

డ్రమ్స్ ఉన్నాయి దాంట్లో! అంత బరువైనవి అని నాకు తెలియదు. చరణంలో అతను గొణిగేది అలసట అని, పల్లవి ఆ అలసట తెగడమని మొదటిసారి అర్థమైంది. ఫ్యాను కింద మునిగినవన్నీ పైకి వచ్చాయి. అయినా ఆ నున్నటి మెరుగు నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. ఆ మెరుగు తనకే సిగ్గుగా ఉందని నిర్వాణా గాయకుడు కోబెయిన్ కూడా తర్వాత అన్నాడు, 1993లో తర్వాతి ఆల్బమ్ ‘ఇన్ యూటెరో’కు రికార్డింగు ఇంజనీరు స్టీవ్ అల్బీనీ దగ్గరికి వెళ్లి గరుకుగా చేయించుకున్నాడు. ఇవాళ అడిగితే నా మార్కు ఏడు.

“చూశావా, మారింది” అన్నాడు వాడు.

మారలేదు, ఇంకొకటి చేరింది. ఇది వాడికి ఎలా చెప్పాలో తెలియక, “నువ్వు ఎలా విన్నావురా దీన్ని?” అని అడిగాను. వాడికి ఆ ప్రశ్న కొత్త. తాను విన్నది ఆల్బమ్‌ను, దాన్ని ఎలా వింటే ఏమిటి అన్నట్టు చూశాడు. వాడు వినేది తర్వాత శబ్దం పెంచి దిద్దిన రీమాస్టరు కావచ్చని, 1991లో ఎవరూ విన్నది అది కాదని చెప్పాను. ఆ దశకం చివరికి వచ్చేసరికి ఆల్బమ్‌లన్నీ పోటీపడి గట్టిగా అరవడం మొదలుపెట్టాయి. వాడు పుట్టిన ఏడే వచ్చిన రెడ్ హాట్ చిలీ పెపర్స్ ‘కాలిఫోర్నికేషన్’లో శబ్దం పగిలిపోతోందని అభిమానులే గొడవ చేశారు. వాడికి ఆ పగులు ఎప్పుడూ వినపడలేదట. రెండు దగ్గర ఆగిన నాబు మాదిరిగానే, పది దగ్గర ఇరుక్కున్న నాబు కూడా ఒకటి ఉంటుంది.

రాత్రి భోజనాలయ్యాక పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీశాను. నీలం ఎనిమిదిని కొట్టేయలేదు, అదీ జరిగిందే కదా. పాత మూడు పక్కన నల్ల పెన్నుతో రాశాను: ‘1993, రాత్రి, వాల్యూమ్ 2, ఫ్యాను, నాన్న నిద్ర.’ ఎనిమిది పక్కన: ‘2001, వినకుండా.’ కింద: ‘7, పిల్లవాడి హెడ్‌ఫోన్లు, ఖాళీ ఇల్లు.’

మర్నాడు జాడీలు, బిందెలు లారీకి ఎక్కాయి. వాడు బెంగళూరు బస్సెక్కాక పుస్తకం సంచిలో పెడుతూ చూస్తే, నా ఏడు కింద వాడి చేతిరాతలో మరో వరుస ఉంది: ‘9, ఇయర్‌ఫోన్లు, ఆఫీసు బస్సు, సిల్క్ బోర్డు ట్రాఫిక్. ఏడో పాట తర్వాత ఎప్పుడూ వినలేదు.’